ఘన్‌పూర్ పొద్దు, డల్లాస్ పొద్దు

తెలంగాణలోని స్టేషన్ ఘన్‌పూర్‌కూ అమెరికాలోని డల్లాస్‌కూ గడియారం తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర. పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులకు ఈ లెక్క నోటికే వచ్చు. ఆ అరగంట ఎక్కడిదో, ఏటా ఒక గంట ఎటు పోయి వస్తుందో మాత్రం చాలామందికి అంతుపట్టదు. ‘ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి’ అన్న జవాబుతో అరగంట తేలదు.

సూర్యుణ్ణి తూర్పు నుంచి పడమరకు పోయే రైలనుకుంటే సంగతి తేలిక. ఒక్కో డిగ్రీ రేఖాంశం దాటడానికి ఆ రైలుకు 4 నిమిషాలు. దేశమంతటి గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మీర్జాపూర్ మీదుగా దిగి, కాకినాడకు కాస్త తూర్పున సముద్రంలో కలుస్తుంది. ఘన్‌పూర్ ఉన్నది 79.4 దగ్గర. కాబట్టి అక్కడ దాటిన రైలు ఇక్కడికి 12 నిమిషాలు ఆలస్యంగా చేరుతుంది. గడియారం పన్నెండు కొట్టాక సగటున అంతసేపటికి గానీ పొద్దు నడినెత్తికి రాదు. ఈ రైలు సిగ్నల్ లేక ఔటర్‌లో ఆగదు. ఏడాదిలో పావుగంట అటూ ఇటూ అవుతుంది, అదీ ముందే రాసిపెట్టిన టైంటేబుల్ ప్రకారమే.

అసలు రైలుకూ ఈ కథలో వాటా ఉంది. కోటగుళ్లున్న ఘన్‌పూర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. మనం చెప్పుకుంటున్నది రైలు స్టేషనున్న ఘన్‌పూర్. దీని మీదుగా సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా పట్టాలు పడింది 1886లో. ఆ రోజుల్లో దేశంలో రైళ్లు మద్రాసు టైముతో నడిచేవి. అది ఇప్పటి గడియారం కన్నా 9 నిమిషాలు వెనక, అంటే ఘన్‌పూర్ పొద్దుకు ఇంకా దగ్గర. దేశం మొత్తానికి ఒకే గడియారం కావాలని 1906లో నడుమనున్న 82.5ను ఎంచుకున్నారు. గ్రీన్‌విచ్‌కు అది సరిగ్గా ఐదున్నర గంటల ముందు. డల్లాస్‌తో తేడాలో కనబడే అరగంట అక్కడిదే.

డల్లాస్ ఉన్నది పడమటి 96.8 డిగ్రీల దగ్గర, దాని గడియారం 90 డిగ్రీలది. అక్కడ పొద్దు 27 నిమిషాలు వెనక. నిజానికి రెండు ఊళ్ల పొద్దుల మధ్య తేడా పదకొండు ముప్పావు గంటలు. గడియారాలు అందులో పావుగంట మింగేశాయి. పైగా మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో చాలాచోట్ల ముల్లును గంట ముందుకు తిప్పి ఉంచుతారు. అందుకే జూన్‌లో డల్లాస్ మిట్టమధ్యాహ్నం ఒకటిన్నరకు!

పగటి పొడవు అక్షాంశాన్ని బట్టి మారుతుంది. డల్లాస్ ఉత్తర అక్షాంశం 33 డిగ్రీల దగ్గరుంది, ఘన్‌పూర్ 18 దగ్గర. ఇక్కడ అతి పొడుగు పగటికీ అతి పొట్టి పగటికీ తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ, అక్కడ నాలుగుకు పైనే. డిసెంబరు చివర్లో అక్కడ దాదాపు ఏడున్నరకు గానీ పొద్దు పొడవదు. జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నరకు గానీ కుంకదు. ఇర్వింగ్, ఫ్రిస్కో లాంటి డల్లాస్ శివారు ఊళ్లలో అన్నం తిన్నాక కూడా వెలుతురులో నడకకు పోతారు. ఘన్‌పూర్ పల్లెల్లో నాట్ల కూలీలు సద్ది కట్టుకొని తెల్లారగట్లే బయల్దేరతారు, పొద్దు చూసి ఇంటికి మళ్లుతారు.

పంచాంగం దగ్గర చిక్కు ముదురుతుంది. తిథి చంద్రుడికీ సూర్యుడికీ మధ్య 12 డిగ్రీల ఎడం పెరిగే కాలం. అది లోకమంతటికీ ఒకే క్షణాన మొదలై ఒకే క్షణాన ముగుస్తుంది. ఉగాది లాంటి పండుగలను నిర్ణయించే సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. చైత్ర పాడ్యమి ఘన్‌పూర్‌లో శుక్రవారం ఉదయం పదింటికి వచ్చి శనివారం ఎనిమిదింటికి పోయిందనుకుంటే, ఇక్కడ ఉగాది శనివారం. అదే పాడ్యమి డల్లాస్‌లో గురువారం రాత్రి పదకొండున్నరకు మొదలై శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు ముగుస్తుంది; అక్కడ ఉగాది శుక్రవారమే.

ఇక రాహుకాలం. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అన్నది ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి కుంకే రోజు లెక్క, పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో రెండోది. జూన్‌లో డల్లాస్‌లో అది సుమారు ఎనిమిది నుంచి పది దాకా. ఇండియా టైము చూసి అక్కడ కారు కొనడం ఆపేవాళ్లకు ఆ రాహుకాలం ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వస్తుంది, కార్ల షోరూములు మూసేశాక.