పాస్‌వర్డును దాచు విధము

గత సంవత్సరము జూను మాసమున, మన పాఠశాలలో చదివి ఇప్పుడు హైదరాబాదునందు కంప్యూటరు ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు నన్ను చూడవచ్చెను. కంప్యూటరు గదిని చూపుచు, బీరువాలోనుండి ఒక నోటుపుస్తకమును తీసి, పిల్లలందరి పాస్‌వర్డులను వరుససంఖ్యలతో ఇందు వ్రాసియుంచితినని కొంత గర్వముతోనే చెప్పితిని. అతడు రెండు పుటలు త్రిప్పి, "మాష్టారూ, ముందీ పుస్తకమును కాల్చివేయుడు" అనెను. నాకు మనస్సు నొచ్చెను. పిల్లలు మరచినప్పుడు చెప్పుటకే గదా నేను వ్రాసియుంచినది! ఆ సాయంకాలము అతడు చెప్పినదియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు ఇచ్చట వ్రాయుచున్నాను.

మొట్టమొదట కంప్యూటరులలో గూడ నా నోటుపుస్తకము వంటిదే యుండెను. 1961లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కార్బటో అనునతడును అతని సహచరులును ఒక్క కంప్యూటరును పెక్కుమంది యేకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. ఒకరి పత్రములను మరియొకరు చూడకుండుటకై ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు, అనగా రహస్యపదము, ఏర్పాటయ్యెను. ఆ పదములన్నియు యంత్రములోనే ఒక జాబితాగా, ఉన్నవి ఉన్నట్లు వ్రాయబడియుండెను. 1962లో అలన్ షెర్ అను పరిశోధకునకు వారమునకు నాలుగు గంటల కాలమే దొరకుచుండెను. అది చాలక అతడు ఆ జాబితాను అచ్చువేయుమని చిల్లుల కార్డుమీద యంత్రమునకు ఉత్తరువు పంపి, కాగితములను నెమ్మదిగా తెచ్చుకొని, ఇతరుల పేరిట పని చేసికొనెను. ఈ సంగతి నతడు బయటపెట్టుటకు ఇరువదియైదేండ్లు పట్టెను.

అది దొంగతనము. మరికొన్నియేండ్లకు జరిగినది వట్టి పొరపాటు. ఒక అధికారి పాస్‌వర్డుల జాబితాను, మరియొకడు యంత్రమును తెరవగానే కనబడు నాటి ప్రకటనను ఒకే సమయమున దిద్దుచుండిరి. ఇద్దరి చిత్తుప్రతులకును యంత్రము ఒకే పేరు పెట్టుటచే రెండును తారుమారయ్యెను. అటుపై యంత్రమును తెరచిన ప్రతివానికిని అందరి పాస్‌వర్డులును దర్శనమిచ్చెను. బీరువాకు ఎంత పెద్ద తాళము వేసినను, వ్రాసియుంచిన పుస్తక మెప్పుడో యొకప్పుడు బయటపడుననుట కిది నిదర్శనము.

మరి పుస్తకమే లేనియెడల, వచ్చినవాడు చెప్పిన పదము సరియైనదని యెట్లు తెలియును? ఇచ్చటనే బుద్ధిమంతుల యుపాయ మున్నది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందు రోజర్ నీడ్‌హామ్ 1960 దశకముననే దీనిని ప్రవేశపెట్టెను. రోటిలో రుబ్బిన పిండినుండి గింజలను మరల తీయజాలము. కాని అవే గింజలను అదే విధమున రుబ్బినచో అదే పిండి వచ్చును. యంత్రము పదమును దాచదు. దానిని లెక్కలచే రుబ్బి, ఆ పిండిని మాత్రము దాచును. మీరు మరల వచ్చి పదము చెప్పినప్పుడు దానినిగూడ రుబ్బి, రెండు పిండులును ఒకటే యైనచో తలుపు తీయును. ఈ రుబ్బుటనే కంప్యూటరు ఉద్యోగులు హాషింగు అందురు.

దొంగ మాత్రము తక్కువవాడా? నిఘంటువులోని మాటలన్నిటిని ముందే రుబ్బి పెట్టుకొని, దొరికిన పిండితో పోల్చిచూచును. అందుచేత యూనిక్సు అను వ్యవస్థయందు రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు ఒక్కొక్కరి పిండిలో ఒక్కొక్క తీరు ఉప్పు కలిపిరి. ఇది నా పోలిక కాదు. ఆంగ్లమునను దానిపేరు ఉప్పే. ఆ ఉప్పు 4,096 విధములు. ఇద్దరు ఒకే పదమును ఎన్నుకొన్నను ఉప్పు వేరగుటచే పిండియు వేరగును; దొంగ ఒక్కసారి రుబ్బి అందరితో పోల్చుట కుదరదు. 1979లో వారు ప్రకటించిన వ్యాసములో తాము పరిశీలించిన 3,289 పాస్‌వర్డులలో 2,831 సులభముగ పట్టుపడునవని చూపిరి. థాంప్సన్‌గారి సొంత పాస్‌వర్డు మాత్రము నలుబదియేండ్లు నిలిచి 2019లో బయటపడెను. అది చదరంగమున మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడపు ఎత్తునకు సంకేతము. ఆయన చదరంగ మాడు యంత్రమును నిర్మించినవారిలో ఒకడు మరి!

ఇంత తెలిసియు పెద్ద సంస్థలే తప్పిరి. 2009లో రాక్‌యూ అను సంస్థ 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులను రుబ్బకయే దాచి పోగొట్టుకొనెను. వానిలో అధికముగ కనబడినది 123456. 2012లో లింక్‌డిన్ నుండి పోయినవి రుబ్బినవే గాని ఉప్పు లేనివి. నేటి యంత్రములు అతివేగముగ రుబ్బగలవు గనుక, కావలెననియే మెల్లగా రుబ్బు పద్ధతులు వచ్చినవి. 1999 నాటి బీక్రిప్ట్ అట్టిది. తల్లిదండ్రులొక గుర్తు తెలిసికొనవచ్చును. పాస్‌వర్డు మరచితిమని వ్రాసినప్పుడు ఏ సంస్థయైనను మీ పాత పదమునే తిరిగి పంపినయెడల, దానియొద్ద నా నోటుపుస్తకము వంటిది ఉన్నదన్నమాట.

మరునాడు తరగతిలో, ఇచ్చటి పాస్‌వర్డునే మరెచ్చటనైనను వాడుచున్నారా యని అడిగితిని. పెక్కు చేతులు లేచెను. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, తన తండ్రిగారి ఫోనులోని బ్యాంకు ఖాతాకు తానే పాస్‌వర్డు పెట్టితిననియు, రెండును ఒకటే యనియు చెప్పెను. నా బీరువాకు తాళపుచెవి పోయి రెండేండ్లైన సంగతి అప్పుడు జ్ఞాపకము వచ్చి నాకు చెమట పట్టెను. ఆమె తండ్రిగారికి ఆనాడే కబురంపితిని.

నోటుపుస్తకము వసతిగృహపు పొయ్యిలో కాలిపోయెను. పిల్లలందరును క్రొత్త పదములు పెట్టుకొనిరి. పొట్టి పదముకంటె నాలుగైదు మాటల పొడుగు పదమే మేలని చెప్పితిని. నెలనెలకు ఊరక మార్పింపవలదని అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ 2017లోనే తెలిపియుండెను. రెండవ దినముననే ఏడవ తరగతి చిన్నవాడొకడు తన పాస్‌వర్డు మరచి యేడ్చుచు వచ్చెను. "చెప్పండి మాష్టారూ, మీకు తెలియును గదా" అనెను. నాకు తెలియదు నాయనా అంటిని. అతడు నమ్మలేదు. పాతదానిని తుడిచివేసి, క్రొత్తది పెట్టుకొమ్మని చెప్పి, నేను గోడవైపు తిరిగి నిలుచుంటిని.