పెట్టె మీద రాసిందంతా నిజమేనా?

విశాఖ ఇన్నర్ హార్బర్‌లోకి వెళ్లే నౌకకు ఒకపక్క డాల్ఫిన్స్ నోస్ కనిపిస్తుంది. రెండోపక్క వన్ టౌన్ మూడు కొండలు... ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, మరోదాని మీద చర్చి. 1933లో రేవు మొదలైనప్పటి నుంచీ ఆ దారిన ఎన్ని రకాల సరుకులు వచ్చాయో! కానీ గేటు దగ్గర ఒక నియమం మాత్రం మారలేదు. పెట్టె మీద 'బట్టలు' అని రాసుంటే లోపల బట్టలే ఉన్నాయని కస్టమ్స్ వాళ్లు ఊరికే నమ్మేయరు. అన్నిటినీ తెరవరు, నిజమే. కానీ ఏది తెరవాలో తేల్చే అధికారం మాత్రం తమ దగ్గరే ఉంచుకుంటారు.

ఇప్పుడు ఆ సరుకు తాలూకు కాగితాలు కూడా ఫైళ్లయిపోయాయి. ఒకప్పుడు క్లియరింగ్ ఏజెంటు గుమాస్తా ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్... అన్నీ కట్టకట్టి చంకన పెట్టుకుని పోర్టు ఏరియాలోని కస్టమ్ హౌస్‌కి పరుగెత్తేవాడు. 2018లో దేశమంతటా 'ఈ-సంచిత్' వచ్చాక ఆ పరుగు తగ్గింది. కాగితాన్ని స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా మార్చి, యూఎస్‌బీ టోకెన్‌లోని డిజిటల్ సంతకం వేసి అప్‌లోడ్ చేస్తే ఒక నంబరు వస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఆ నంబరు ఇస్తే చాలు. సంతకం పడ్డాక ఫైల్లో ఒక్క అంకె మార్చినా తనిఖీలో దొరికిపోతుంది.

సర్కారు గేటు దగ్గర ఇంత కట్టుదిట్టం సరే. అంతకు ముందు, దిగుమతిదారు దగ్గర్నుంచి ఏజెంటు ఆఫీసుకు ఆ కాగితాలు ఎలా వస్తాయి? వాట్సాప్‌లో, మెయిల్లో, పెన్‌డ్రైవ్‌లో! సరుకు ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు కొన్నారు, పాన్ నంబరు, బ్యాంకు కాగితాలు... పోటీ వ్యాపారి చూడకూడనివన్నీ అందులో ఉంటాయి. ఇంతకంటే ఆఫీసులోనే ఓ కంప్యూటర్‌ని వెబ్ సర్వర్‌గా మార్చి, ఖాతాదారులు నేరుగా అందులోకే ఫైళ్లు పంపేలా ఒక పేజీ పెట్టుకోవడం మేలు. లైనక్స్, అపాచీ, ఇంజిన్ ఎక్స్... అన్నీ ఉచితమే. కాకపోతే ఆ పేజీ పెట్టిన రోజు నుంచి మీ ఆఫీసూ ఒక రేవే. గేటు కాపలా మీదే.

జిరాక్స్ వాళ్ల చలవే!

వెబ్ పేజీలోంచి ఫైలు పంపే పద్ధతిని 1995 నవంబరులో కాగితం మీద పెట్టింది ఇద్దరు జిరాక్స్ కంపెనీ ఉద్యోగులు... ఎర్నెస్టో నెబెల్, లారీ మాసింటర్. నకలు తీయడానికి మనం ఏ కంపెనీ పేరు వాడుతున్నామో, నకలు పంపడానికి దారి వేసిందీ ఆ కంపెనీవాళ్లే అన్నమాట! అంతకుముందు ఎక్కువగా ఎఫ్‌టీపీని వాడేవారు. పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా పోయే పద్ధతి అది. విచిత్రం ఏమిటంటే, ఇప్పటికీ దాన్ని వదలనివాళ్లున్నారు.

పేరు ఒకటి, సరుకు ఒకటి

2000 మే 4న ప్రపంచాన్ని వణికించిన 'ఐ లవ్ యూ' వైరస్ గుర్తుందా? మెయిల్‌తో వచ్చిన ఆ ఫైలు పేరు 'లవ్ లెటర్ ఫర్ యూ డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్'. విండోస్ చివరి తోకను దాచేయడంతో జనానికి అది మామూలు ఉత్తరంలా కనిపించింది. తెరిస్తే... ప్రోగ్రాం! అప్‌లోడ్ పేజీకి వచ్చే ప్రమాదం దీనికి తమ్ముడే. ఇన్వాయిస్ పంపాల్సిన చోట ఎవరో ఒక పీహెచ్‌పీ ఫైలు పంపుతాడు. సర్వర్ దాన్ని వెబ్ ఫోల్డర్లోనే దాస్తుంది. తర్వాత అతను బ్రౌజర్లో దాని చిరునామా కొడతాడు. సర్వర్ ఆ ఫైల్ని చూపించదు, నడిపిస్తుంది! ఇక మీ కంప్యూటర్ అతనిదే.

పేరు నమ్మకూడదంటే లోపలికి తొంగిచూడాలి. అసలైన పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతో, దాని పక్కనే పీ, డీ, ఎఫ్ అక్షరాలతో మొదలవుతుంది. విండోస్‌లో నడిచే ప్రోగ్రాం అయితే 'ఎంజెడ్' అక్షరాలతో మొదలవుతుంది. అవి మార్క్ జిబికోవ్‌స్కీ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు పొడి అక్షరాలు. అయితే మొదటి అక్షరాలు సరిగ్గానే ఉంచి వెనకాల విషం దాచేవాళ్లూ ఉంటారు. క్లామ్ ఏవీ లాంటి ఉచిత యాంటీవైరస్‌తో వెతికించండి. అదీ అన్నిటినీ పట్టలేదు.

అందుకే అసలైన కాపలా వేరే ఉంది. వచ్చిన ఫైల్ని వెబ్ ఫోల్డర్‌కి బయట, వేరే చోట దాచాలి. కంటెయినర్‌ని దుకాణం నట్టింట్లో దించం కదా, యార్డులో దించుతాం. ఇదీ అంతే. ఆ ఫోల్డర్లో ఏదీ ప్రోగ్రాంగా నడవకుండా అనుమతి తీసేయాలి. ఖాతాదారు పెట్టిన పేరు పక్కనపెట్టి సర్వరే కొత్త పేరు పెట్టాలి. ఎందుకంటే పేరులో రెండు చుక్కలు, ఒక గీత చేర్చి పక్క ఫోల్డర్లోకి దూరే ఎత్తు కూడా ఉంది. ఈ మూడూ చేస్తే, దొంగ ఫైలు లోపలికి వచ్చినా సర్వర్లో కదలకుండా పడుంటుంది.

సైజుకూ హద్దుండాలి. ఇంజిన్ ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటిన అప్‌లోడ్‌ని తిప్పికొడుతుంది. దాంతో విసుగొచ్చి హద్దునే ఎత్తేస్తుంటారు కొందరు. పదో ఇరవయ్యో ఎంబీలు పెట్టుకోండి గానీ, తలుపు తీసి పడుకోకండి.

వేయొచ్చు... తీయలేరు

బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లినవాళ్లు హుండీలో వేయగలరే గానీ చేయిపెట్టి తీయలేరు. అప్‌లోడ్ ఫోల్డర్ అలా ఉండాలి. ఒక్కో ఖాతాదారుకు ఒక్కో లాగిన్, ఒకరి ఫైళ్లు మరొకరికి కనిపించకూడదు. 'ఆఫీసులో వైఫైయే కదా' అని హెచ్‌టీటీపీఎస్‌ని వదిలేయొద్దు. సొంత డొమైన్ ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్ ఉచితంగా ఇస్తుంది. సర్వర్ ఇంటర్నెట్‌కి కనిపించకపోయినా డీఎన్ఎస్ రుజువుతో తీసుకోవచ్చు. లేకపోతే బ్రౌజర్ రోజూ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది, సిబ్బంది రోజూ దాన్ని దాటేస్తారు. నిజంగా దొంగ వచ్చిన రోజు కూడా అలాగే దాటేస్తారు!

పెద్ద సంస్థలకూ ఈ తిప్పలు తప్పలేదు. ఫైళ్లు పంపుకోవడానికే తయారైన 'మూవిట్' సాఫ్ట్‌వేర్లో లోపాన్ని 2023 మేలో క్లాప్ అనే ముఠా వాడుకుంది. కంపెనీ మరమ్మతు విడుదల చేసేలోపే వాళ్లు ఎన్నో సంస్థల ఫైళ్లు ఎత్తుకుపోయారు. అప్‌డేట్లు వెంటవెంటనే వేసుకోవాలన్నది అందరూ చెప్పే మాటే. నన్నడిగితే అంతకన్నా తేలికైన జాగ్రత్త ఇంకోటుంది. పని పూర్తయిన ఫైల్ని అప్‌లోడ్ సర్వర్ మీద ఉంచకుండా లోపలి కంప్యూటర్‌కి తీసేసుకోవడం. లేని ఫైల్ని ఎవడు ఎత్తుకుపోతాడు?

2017 జూన్‌లో 'నాట్‌పెట్యా' మెర్స్క్ నౌకా సంస్థను కుప్పకూల్చినప్పుడు, ఆ గ్రూపు నడిపే ముంబయి జేఎన్‌పీటీ టెర్మినల్లో కూడా పని స్తంభించింది. అలాంటిది జరిగితే గుట్టుగా ఉంచడానికి లేదు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు 6 గంటల్లోగా తెలియజేయాలి.

ఇక విశాఖవాళ్లకు విడిగా చెప్పనక్కర్లేని ముప్పు మరోటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. బల్ల కింద పెట్టిన సర్వర్ మీద నీళ్లు పడితే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. రెండో కాపీ వేరే ఊళ్లో ఉంచండి, సంకేతాల్లోకి మార్చి. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెప్పించి, తెరుచుకుంటోందో లేదో చూడండి.