పట్టిక పేజీ దాటినా... వరుస విరగొద్దు!

ప్రాజెక్టు రిపోర్టుల సీజన్లో శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరో, విజయనగరం మూడులాంతర్ల దగ్గరో ఏ జిరాక్సు షాపులోనైనా కాసేపు నిలబడి చూడండి. స్క్రీన్ మీద ఓ పొడవాటి పట్టిక ఉంటుంది. చివరి వరుసలో సగం వాక్యం ఈ పేజీలో, మిగతా సగం వచ్చే పేజీలో. వెంటనే పట్టిక పైన కర్సర్ పెట్టి ఎంటర్, ఎంటర్, ఎంటర్! వరుస కిందికి దిగుతుంది, హమ్మయ్య అనుకుంటారు. సాయంత్రం గైడ్ ఇంకో పేరా చేర్చమంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇదేదో మార్కుల గొడవే కదా అనుకోకండి. గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించే పథకాల జాబితాను తలచుకోండి. పేరు ఒక కాగితం అడుగున ఉంది. ‘లేదు’ అన్న మాట రెండో కాగితం పైన పడింది. ఆ కాగితం మీద కాలమ్ పేర్లు కూడా లేవు. లేనిది రేషన్ కార్డా, ఆధార్ లింకా, అసలు అర్హతేనా? బోర్డు ముందు నిలబడ్డ ఆ పెద్దావిడకు ఎలా తెలుస్తుంది? అలాంటి జాబితా తయారుచేసే కుర్చీలో రేపు మీరే ఉండొచ్చు. ఏపీపీఎస్సీ గ్రూప్-2 దారిలో వెళ్లేవాళ్లకు కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష ఎలాగూ ఉంది. సాఫ్ట్‌వేర్ కొలువంటారా, టెస్ట్ రిపోర్టులన్నీ పట్టికలే.

సాధనకు మన జిల్లానే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్వ్యవస్థీకరించినప్పుడు పాత శ్రీకాకుళంలోని 38 మండలాల్లో నాలుగు విజయనగరానికి, నాలుగు పార్వతీపురం మన్యానికి వెళ్లి 30 మిగిలాయి. జిల్లా విడిపోయింది గానీ, రాజాం అయినా పాలకొండ అయినా మండలం మండలంగానే వెళ్లింది. మన పట్టికకూ కావాల్సింది అదే: విడిపోతే వరుసల మధ్య విడిపోవాలి, వరుస నడుమ కాదు. ఆ 30 మండలాలకు 30 వరుసలు వేసి, చివరి కాలమ్‌లో ఒక్కో మండలం గురించి మూడు నాలుగు లైన్లు రాయండి. పట్టిక కచ్చితంగా పేజీ దాటుతుంది.

ఇప్పుడు వర్డ్‌లో పట్టిక మొత్తం సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి ‘టేబుల్ ప్రాపర్టీస్’ తెరవండి. అందులో ‘రో’ ట్యాబ్‌కు వెళ్తే ‘అలౌ రో టు బ్రేక్ ఎక్రాస్ పేజెస్’ అని ఒక గడి కనిపిస్తుంది. మామూలుగా అందులో టిక్ ఉంటుంది. అది తీసేయండి, అంతే. ఇక పట్టని వరుస మొత్తంగా తర్వాతి పేజీకి పోతుంది. ఒక్కో వరుస అరపేజీ ఉండే పట్టికల్లో మాత్రం దీనివల్ల పేజీ అడుగున పెద్ద ఖాళీ మిగులుతుంది. అలాంటిచోట టిక్ ఉంచేయడమే నయం.

కాలమ్ పేర్లు ప్రతి పేజీ పైనా రావాలంటే మొదటి వరుసను సెలెక్ట్ చేసి, అదే ట్యాబ్‌లో ‘రిపీట్ యాజ్ హెడర్ రో’కు టిక్ పెట్టాలి. పెట్టినా రావడం లేదా? చాలాసార్లు కారణం రెండింట్లో ఒకటి. పట్టిక మధ్యలో ఎవరో కంట్రోల్-ఎంటర్ కొట్టి పేజీ తెంపి ఉంటారు. లేదంటే ‘టేబుల్’ ట్యాబ్‌లో ‘టెక్స్ట్ ర్యాపింగ్’ ‘అరౌండ్’లో ఉంటుంది, దాన్ని ‘నన్’కు మార్చండి. ఇంకో మాట: వరుస ఎత్తు ‘ఎగ్జాక్ట్‌లీ’ అని పెట్టి ఉంటే ఎక్కువైన అక్షరాలు కనబడకుండా పోతాయి. ‘ఎట్ లీస్ట్’ పెట్టుకోండి.

చాలామంది వదిలేసేది ‘మొత్తం’ వరుస. 30 మండలాలూ ఒక పేజీలో, ‘మొత్తం’ ఒక్కటీ తర్వాతి పేజీలో ఒంటరిగా! దీనికి మందు ‘పేరాగ్రాఫ్’ సెట్టింగుల్లో ‘లైన్ అండ్ పేజ్ బ్రేక్స్’ కింద ఉన్న ‘కీప్ విత్ నెక్స్ట్’. చివరి నుంచి రెండో వరుసను సెలెక్ట్ చేసి దానికి టిక్ పెడితే, ఆ రెండూ కలిసే ఉంటాయి. పట్టిక పైన రాసే శీర్షికకూ ఇదే పెట్టండి. ఏడెనిమిది వరుసల చిన్న పట్టిక అసలు విరగకూడదంటే, చివరిది తప్ప మిగతా వరుసలన్నింటికీ పెట్టాలి.

లిబ్రే ఆఫీస్ వాడేవాళ్లకు పని ఇంకా తేలిక. ‘టేబుల్ ప్రాపర్టీస్’లో ‘టెక్స్ట్ ఫ్లో’ ట్యాబ్ తెరిస్తే పట్టిక విరగాలా, వరుస విరగాలా, పై వరుసలు ఎన్ని మళ్లీ రావాలి... అన్నీ ఒక్కచోటే. గూగుల్ డాక్స్‌లో ‘టేబుల్ ప్రాపర్టీస్’లోని ‘రో’ భాగం చూడండి. హెడర్‌ను పిన్ చేయడం, వరుస పేజీ దాటకుండా ఆపడం రెండూ అక్కడే ఉంటాయి.

ఎంటర్లతో నెట్టిన పట్టిక మీ ల్యాప్‌టాప్‌లో బాగానే కనిపిస్తుంది. చిక్కంతా ఫైలు చేయి మారాకే. మీ ఫైలు లెటర్ సైజులో ఉండి, షాపువాళ్లు దాన్ని 297 మిల్లీమీటర్ల ఏ4కు మార్చారనుకోండి. లెటర్ ఎత్తు 279 మిల్లీమీటర్లే కాబట్టి పేజీకి మూడు నాలుగు లైన్లు అటూ ఇటూ అవుతాయి. తెలుగు ఫాంటు అవతలి సిస్టమ్‌లో లేకపోతే వేరేది వచ్చి లైన్ల ఎత్తే మారిపోతుంది. అప్పుడు మీ ఎంటర్లు పేజీ నడిమధ్యన ఖాళీ గుంతల్లా తేలతాయి. సెట్టింగులతో కట్టిన పట్టిక అయితే తనంతట తానే సర్దుకుంటుంది. ప్రింటుకిచ్చేటప్పుడు పీడీఎఫ్ ఇవ్వండి, ఎడిట్ చేసే కాపీ విడిగా దాచుకోండి.

రెజ్యూమెలోనూ ఇదే కిటుకు. పదో తరగతి, ఇంటర్, బీటెక్ వివరాలున్న చిన్న పట్టిక రెండు పేజీల మీద చీలిపోతే, పర్సంటేజీ ఏ చదువుదో వెతుక్కునే ఓపిక అవతలివాళ్లకు ఉండదు. నా దగ్గరికి ఫ్రెషర్ల ఫైలు వస్తే నేను ముందు కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కుతా. దాగి ఉన్న గుర్తులన్నీ బయటపడతాయి. వరసగా తొమ్మిది ఎంటర్లు కనిపించాయంటే సంగతి అర్థమైపోయినట్టే!

మీ రిపోర్టు ఇప్పుడే తెరిచి, మొదటి పేజీలో ఊరికే ఐదు లైన్లు టైప్ చేయండి. తర్వాత ప్రింట్ ప్రివ్యూలో ఒక్కో పట్టికా ఎక్కడ విరిగిందో చూసుకుని, కంట్రోల్-జెడ్‌తో ఆ లైన్లు తీసేయండి.