ఉచిత విద్యాసభలు – మన ఆడపిల్లలు

పేరంటమునకు పిలుపు వచ్చినపుడు ప్రవేశరుసుమెంత యని మన స్త్రీలెవ్వరు నడుగరు. వచ్చినవారందరికిని పసుపు కుంకుమలు, తాంబూలము లభించును. పాట వచ్చినవారు పాడుదురు. రానివారు విని నేర్చుకొందురు. నేడు విన్నవారే రేపు మరియొక యింట పాడుదురు. మన పాటలనేకము ఇట్లే తల్లినుండి కూతునకు, ఇంటినుండి యింటికి చేరినవి. సరిగా నీ పద్ధతినే ఒక క్రొత్తవృత్తివారు నడుపుచున్నారన్నచో మా సోదరీమణులకు వింతగా తోచవచ్చును. వారే వెబ్ డెవలపర్లు.

మన సెల్‌ఫోనులలో రైలు టిక్కెట్టు కొనుటకు, పరీక్షాఫలితములు చూచుటకు, బ్యాంకు లెక్క తెలిసికొనుటకు తెరచు పుటలను తయారుచేయువారు వీరు. ఈ పని యేదో మాయ యని భయపడనక్కరలేదు. ఒక యిల్లు కట్టుటతో దీనిని పోల్చవచ్చును. గోడలు, గదులు ఏర్పరచునది హెచ్.టి.ఎం.ఎల్. అను వ్రాతపద్ధతి. సున్నము, రంగులు, ముగ్గులు వేయునది సి.ఎస్.ఎస్. గడియ తీసినపుడు తలుపు తెరచుకొనునట్లు, మీట నొక్కినపుడు పని జరిపించునది జావాస్క్రిప్టు. ఓపికతో అభ్యసించినచో ఇంటరు చదివిన బాలిక కొన్ని వారములలోనే ఒక చిన్న పుటను స్వయముగా నిలుపగలదు.

ఈ వృత్తివారు తఱచుగా, అనేకనగరములలో నెలకొకసారి, సభలు చేయుదురు. ఒక కళాశాలగాని, కంపెనీగాని హాలు నిచ్చును. టీ ఫలాహారములు కూడ నుండును. ఒకరు తాము చేసిన పనిని తెరమీద చూపి వివరింతురు. వినువారు సందేహముల నడుగుదురు. అనుభవశాలి ప్రక్కనే నిన్న మొన్న మొదలుపెట్టిన విద్యార్థియు కూర్చుండును. సాధారణముగా రుసుము లేదు. హాలిచ్చు కంపెనీలు తమకు కావలసిన ఉద్యోగులను అచ్చట చూచుకొనుటయు కలదు. అది దాచవలసిన సంగతి కాదు. మన పిల్లలకు మేలైన సంగతియే.

ఈ ఉదారత కొక మూలమున్నది. స్విట్జర్లాండులోని సెర్న్ అను విజ్ఞానసంస్థలో టిమ్ బెర్నర్స్ లీ గారు 1989లో ఈ జాలపద్ధతిని ప్రతిపాదించిరి. 1993 ఏప్రిలు 30వ తేదీన ఆ సంస్థ దీనిని ఎవ్వరైనను మూల్యము లేక వాడుకొనవచ్చునని ప్రకటించినది. ఉచితముగా వచ్చిన విద్యను ఉచితముగా పంచుట ఆ వృత్తిలో నొక సంప్రదాయమైనది.

తెలుగువారును ఈ విషయమున వెనుకబడలేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. జీతము కోరక వ్రాయువారే దానిని పెంచిరి. హైదరాబాదులో సరోజినీ నాయుడుగారి గృహమైన గోల్డెన్ థ్రెషోల్డునందు 2013లో వారి సమావేశములు జరిగినవి. 2005లో హైదరాబాదున వెలసిన 'స్వేచ్ఛ' సంస్థవారు కంప్యూటరును తెలుగులో నడుపు సాధనములకై పనిచేసి, కళాశాలల విద్యార్థులకు శిక్షణ లిచ్చుచున్నారు.

ఇక మన పెంటపాడు మాట. ఇక్కడికి కొద్ది మైళ్ల దూరముననున్న తాడేపల్లిగూడెములో 2015లో జాతీయ సాంకేతికవిద్యాసంస్థ నెలకొన్నది. చుట్టుప్రక్కల గ్రామములనుండి ఆడపిల్లలు బస్సులలో కళాశాలలకు పోయి కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. మార్కులలో వారు మగపిల్లలకు తీసిపోరు. అయినను మేము చెప్పిన సభలకు వారిలో పోగలవారెందరు? సభ విజయవాడలో నన్నచో ఇచ్చటికి సుమారు వంద కిలోమీటర్లు. సాయంకాల మారుగంటలకు ముగిసినచో ఇల్లు చేరునప్పటికి రాత్రి. అన్నగారు పోవుటకు ఒక మాట చెప్పిన చాలును. చెల్లెలు పోవుటకు తండ్రి, తల్లి, నాయనమ్మ ముగ్గురి యంగీకారము కావలయును. తీరా పోయినను హాలు నిండ మగవారే కనబడిన పిల్ల వెనుకవరుసలో కూర్చుండి, నోరు విప్పకయే తిరిగివచ్చును. సభకు వెల లేదు గాని, ఆడపిల్లకు మాత్రమది ఖరీదైనదే. ఆ ఖరీదును తగ్గించుట చాలవరకు మన యిండ్లలోనే యున్నది.

దీనికి మార్గము లేకపోలేదు. 2014 జూలైలో బెర్లిను నగరమున ఓలా సితార్స్కా, ఓలా సెండెట్స్కా అను ఇద్దరు పోలండు యువతులు 'జాంగో గర్ల్స్' అను శిక్షణసభను స్త్రీలకొరకే ఏర్పాటుచేసిరి. ముందు ఏమియు తెలియనివారు కూడ రావచ్చును. ముగ్గురు నేర్చుకొనువారికి ఒక శిక్షకుడో శిక్షకురాలో ప్రక్కన కూర్చుండి చెప్పుదురు. ఒక్క దినములో ప్రతి స్త్రీయు తన పుటను తాను నిర్మించుకొనును. రుసుము లేదు. పాఠమంతయు జాలములో నందరికి తెరచియున్నది. ఆ పద్ధతి యిప్పుడు ఖండఖండాంతరములకు వ్యాపించినది.

విద్యను ఇంటిగుమ్మమునకు చేర్చుట మనకును క్రొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువమీద పడవలో గ్రంథాలయము నడిపి ఒడ్డునున్న గ్రామములకు పుస్తకము లందించిరి. దుర్గాబాయిగారు ఇంకను బాలికగా నున్నపుడే, 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభకు పూర్వము, తాను నేర్చిన హిందీని స్త్రీలకు నేర్పుటకై పాఠశాల పెట్టిరి. కాలువలు నిండిన మన సీమలో పుస్తకము పడవెక్కి రాగలిగినపుడు, ఈ విద్య బస్సెక్కి రాలేదా?

కావున తల్లులకు మా మనవి యిది. పిల్ల సభకు పోవుదునన్నపుడు వెంటనే కాదనకుడు, విచారింపుడు. నడుపువా రెవరు, స్థలమేది, ముగియు వేళ యేది, స్త్రీలెందరు వత్తురు, సభలో ప్రవర్తనకు నియమములున్నవా యని అడుగుట మీ హక్కు. మంచి నిర్వాహకులు ఈ ప్రశ్నలకు సంతోషముతో సమాధానము చెప్పుదురు. ఇద్దరు ముగ్గురు బాలికలను కలిపి పంపుడు. తిరుగురైలు వేళను ముందే చూచుకొనుడు. వీలైనచో మీరును వెంట వెళ్లి వెనుక కూర్చుండుడు. అర్థమైనంత మీకును లాభమే. ఇంట ఒక్కటే కంప్యూటరున్నచో దానిని అన్నకు, చెల్లెలికి గంటలవారీగా పంచుడు. ఆమె వంతు వచ్చినపుడు "కాస్త పప్పు చూడవే" యని పిలువక, ఆ పప్పు నన్నగారిని చూడుమనుడు.

అంతకంటె మేలైన పని మరియొకటి కలదు. సభనే మన యూరికి పిలువవచ్చును. ఆదివారము ఉదయము పదిగంటలనుండి సాయంత్రము నాలుగు గంటలవరకు బడిలో ఒక గది, కరెంటు, ఇంటర్నెట్టు, నాలుగైదు కంప్యూటర్లు, ఇద్దరు శిక్షకులు ఉన్నచో మొదటిసారికి చాలును. కళాశాలలో చదువుచున్న మన యాడపిల్లలే శిక్షకురాండ్రు కావచ్చును. మధ్యాహ్నమునకు పులిహోర, మజ్జిగ మన స్త్రీలు సమకూర్చలేరా? ఇరువదిమందికి అట్లతద్దినాడు వండిపెట్టు చేతులకు ఇదెంతపని?

ఆ దినము పదిమంది వచ్చి, అందులో ఇద్దరు మరుసటి నెలలో మరి నలుగురికి చెప్పగలిగిన చాలును. పేరంటపు పాట వలెనే ఈ విద్యయు అప్పుడు ఊరిలో నిలుచును.