పదిమందీ మెచ్చితే పాట చెడిపోతుందా?

మా నాన్నగారికి సినిమా పాటంటే గిట్టేది కాదు. రేడియోలో త్యాగరాయ కీర్తన వస్తే కళ్లు మూసుకుని తొడమీద తాళం వేసేవారు. అదే సినిమా పాట వినిపించిందో, "కట్టెయ్యండా రొద!" అని వరండాలోంచి కేక. ఆయన ఊళ్లో లేని రోజున అమ్మా, నేనూ తనివితీరా వినేవాళ్లం. పెద్దయ్యాక ఎవరి పాటనూ ఇలా ఈసడించకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు తీసి ఏ గట్టున పెట్టానో చెబుతాను, వినండి.

1978లో చదువుకోసం అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరం చేరాను. నాతోపాటు గదిలో గుంటూరు వైపు కుర్రవాడొకడు ఉండేవాడు. వాడు పప్పు వండితే నేను అన్నం వండేవాణ్ణి. వీధి చివర పాత రికార్డులమ్మే కొట్టొకటి ఉండేది. సాయంత్రం అక్కడ చేరే కుర్రాళ్లకు పవర్ పాప్ అంటే ప్రాణం.

ఈ పేరు పాఠకుల్లో కొందరికి కొత్త కావచ్చు. ఇంగ్లండులో 'ది హూ' బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ 1967లో తమ సంగీతాన్ని గురించి చెబుతూ వాడిన మాట అది. బీటిల్స్ పాటల్లాంటి తియ్యని వరస, రెండు మూడు గొంతులు కలిసి పలకడం, వాటికి తోడు గట్టిగా మోగే గిటార్లూ, డ్రమ్ములూ - ఇంతే సంగతులు. పాట మూడు నిమిషాలు ఉంటే ఎక్కువ. ఒక్కసారి వింటే పల్లవి నోటికి పట్టుకోవాలి. అంటే, పుట్టడమే పదిమందికీ నచ్చడానికి పుట్టిన సంగీతం. చిత్రమేమిటంటే, దీని వీరాభిమానులకు పదిమందికీ నచ్చిన పాటంటేనే అనుమానం!

ఆ కొట్లో వాదాలు వినాలి. మా క్లీవ్‌లండ్ వాళ్లే అయిన రాస్ప్‌బెర్రీస్ బృందం 1972లో 'గో ఆల్ ది వే' పాటతో అమెరికా పాటల జాబితాలో 5వ స్థానందాకా వెళ్లింది. "అట్టమీద గీరితే పండు వాసన వచ్చే బిళ్ల అంటించి అమ్ముకున్నారు. వాళ్లదీ ఒక సంగీతమేనా?" అనేవాడొకడు. "వాసన మాట అటుంచి వరస విను" అనేవాడింకొకడు. బ్యాడ్‌ఫింగర్ మాట వస్తే, "వాళ్ల 'కమ్ అండ్ గెట్ ఇట్' పాల్ మెకార్ట్‌నీ రాసిచ్చిందేగా, ఎరువు సొమ్ము!" అని తీసిపారేసేవారు. ఆ బృందంలోని ఇద్దరు రాసిన 'వితౌట్ యూ'ని హారీ నిల్సన్ పాడితే 1972లో అగ్రస్థానం దక్కిందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

అందరూ తల వంచేది బిగ్ స్టార్ ఒక్కదానికే. అది మెంఫిస్ నగరపు బృందం. 1972లో వచ్చిన వాళ్ల తొలి రికార్డు పేరే 'నంబర్ వన్ రికార్డ్'. పత్రికలు మెచ్చుకున్నాయి గాని, సరుకు కొట్లకు సరిగ్గా చేరలేదు. అప్పట్లో 10,000 ప్రతులైనా అమ్ముడుపోలేదంటారు. రికార్డు మంచిదే, అందులో సందేహం లేదు. కాని విన్నవాళ్లు కొద్దిమంది కనుక, విన్నవాడికి అదో బిరుదు. నేనూ ఒక ప్రతి అరువు తెచ్చుకుని, నెల తిరక్కుండానే పండితుణ్ణయిపోయాను.

ఇంతలో 1979 వేసవి వచ్చింది. లాస్ ఏంజెలిస్‌కు చెందిన 'ది నాక్' బృందం పాడిన 'మై షరోనా' 6 వారాలపాటు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. ఏ కారులో చూసినా అదే మోత. దాన్ని మెచ్చినవాళ్లు ఎందరో, మండిపడ్డవాళ్లూ అందరే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చిత్రకారుడైతే, నాక్ మీద అణుబాంబు వెయ్యాలన్న నినాదంతో చొక్కాలూ, బిళ్లలూ అచ్చువేయించాడు. ఆ పాటల్లో ఆడపిల్లల గురించిన మాటలు మోటుగా ఉన్నాయన్న విమర్శ న్యాయమైనదే. కాని కొట్లో మా ఫిర్యాదు అది కాదు. అందరూ వింటున్నారన్నదే మా ఫిర్యాదు.

మా గుంటూరు కుర్రవాడు కేంటీను ఖర్చు తగ్గించుకుని ఆ రికార్డు కొన్నాడు. అమెరికా వచ్చాక సరదాకోసం వాడు కొన్న మొదటి వస్తువు అదే. ఆ సాయంత్రం నాతోపాటు కొట్టు స్నేహితులిద్దరు గదికి వచ్చారు. వాడు సంబరంగా రికార్డు పెట్టాడు. స్నేహితులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. వాళ్లముందు నా పరువు పోతుందనిపించింది.

"ఆపరా బాబూ, ఆ రొద!" అన్నాను.

వాడు మారుమాటాడలేదు. ముల్లు ఎత్తి, రికార్డును సంచిలో పెట్టేశాడు. మళ్లీ ఆ గదిలో వాడి పాట వినిపించలేదు. ఆ చదువు ఏడాది కాగానే వేరే గది చూసుకున్నాడు.

1998లో అమెరికా టెలివిజన్‌లో 'దట్ సెవెంటీస్ షో' అనే ధారావాహిక మొదలైంది. దాని ముందువచ్చే పాట మా బిగ్ స్టార్‌దే, 'ఇన్ ది స్ట్రీట్'. వేరేవాళ్లు పాడారు. మా అమ్మాయి అన్నం తింటూ దాన్ని కూనిరాగం తీస్తుంటే నేను సంతోషించవద్దూ? ఎవరో నా పెట్టె తాళం పగలగొట్టినట్టు ఒళ్లు మండింది. "అది అందరూ పాడే పాట కాదు" అన్నాను. "మరి పాటెందుకు నాన్నా?" అంది అమ్మాయి. వరండాలోంచి మా నాన్నగారు కేక వేసినట్టయింది.

కిందటేడాది హైదరాబాదులో ఆ గుంటూరు మిత్రుణ్ణి ఒక పెళ్లిలో కలిశాను. ఇద్దరికీ తలలు నెరిశాయి. భోజనాలయ్యాక సంకోచిస్తూనే అడిగాను: "ఆ నాక్ రికార్డు ఇంకా ఉందట్రా?"

"అదా! నువ్వన్న వారంలోనే ఆ కొట్లోనే అమ్మేశాను. నీకు తెలిసినంత సంగీతం నాకేం తెలుసురా?" అని నవ్వాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

జేబులోంచి ఫోను తీసి, వెదికి, ఆ పాట పెట్టాను. డ్రమ్ము మోగగానే వాడి వేళ్లు బల్లమీద ఆడాయి. నా వేళ్లూ ఆడాయి. నిజం చెప్పాలంటే, 1979లోనూ ఆడినవే. కాకపోతే అప్పుడు చెయ్యి బల్లకింద పెట్టుకునేవాణ్ణి.