నడచుచున్న ప్రోగ్రామును మార్చుట



బ్యాంకులో “సర్వరు డౌనైనది, రేపు రండి” అను మాట మనలో పలువురు వినియే యుందురు. కంప్యూటరు అనుసరించు ఆజ్ఞల సముదాయమునకు ప్రోగ్రామని పేరు. దానిలో దోషము సవరింపవలసినప్పుడు సాధారణముగా దానిని ఆపి, సవరించినదానిని మరల మొదలుపెట్టుదురు. బ్యాంకు కొంతసేపు ఆగిన సహింపవచ్చును. అర్ధరాత్రమున రోగికై వైద్యుని పిలుచునప్పుడు టెలిఫోను ఎక్స్ఛేంజి ఆగినచో సహింపఁగలమా? ఆపకయే మార్చు ఉపాయము కలదు. అందులకు, ప్రోగ్రాములకన్నిటికిని చోటును కాలమును పంచిపెట్టు ఆపరేటింగ్ సిస్టమ్ తోడ్పాటు అవశ్యమా యన్నది ప్రశ్న.

నేను చదివి తెలిసికొన్నంతలో, అవశ్యము కాదు. స్వీడను దేశమున ఎరిక్సన్ సంస్థవారి పరిశోధనశాలలో 1986వ సంవత్సరమున జో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆరంభింపఁగా, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ తోడై, టెలిఫోను ఎక్స్ఛేంజీల నిమిత్తము ఎర్లాంగ్ అను ప్రోగ్రామింగు భాషను నిర్మించిరి. ఇందు ప్రోగ్రాములోని ఒక్కొక్క భాగమునకు పాత ప్రతియు క్రొత్త ప్రతియు ఒక్కమాఱే యుండవచ్చును. నేను పెక్కేండ్లు వ్యాకరణము చెప్పినవాఁడను గనుక నాకు తోఁచిన పోలిక యిది: ఆదేశము శత్రువువలె వచ్చి పూర్వవర్ణమును తొలఁగించును, ఆగమము మిత్రునివలె ప్రక్కన చేరును. ఎర్లాంగ్‌లో క్రొత్త ప్రతి మొదట మిత్రునివలె చేరును. జరుగుచున్న పని పాత ప్రతితోనే సాగుచుండి, ఆ భాగమును దాని పేరుతో మరల పిలిచినప్పుడు క్రొత్తదానిలోనికి వచ్చును. మూఁడవ ప్రతి రావలెనన్న మొదటిది పోవలెను. బలవంతముగా తీసివేసినచో, దానిని వదలని పనులు దానితోడనే అంతమగును. ఇదంతయు ఎర్లాంగ్ తానే జరుపుకొనును. ఆపరేటింగ్ సిస్టమునకు మాత్రము, ఒక ప్రోగ్రాము తన చోటిలో తానేదో వ్రాసికొనుచున్నట్లే యుండును.

ఎన్జిన్‌ఎక్స్ అను వెబ్ సర్వరు మార్గము వేఱు. అది క్రొత్త ప్రతిని పుట్టించి, తాను తెఱచిన ద్వారములను దానికప్పగించును. పాతది చేతనున్న పని ముగించుకొని తప్పుకొనును. ఇట్లు తల్లి ద్వారములు బిడ్డకు సంక్రమించుట యునిక్సు కుటుంబమున పూర్వాచారమే కాని, ఇందులకై కల్పించినది కాదు.

ఆపరేటింగ్ సిస్టమునే మార్పవలసినప్పుడు మాత్రము ఏర్పాటు దానిలోపలనే యుండవలెను. 2015వ సంవత్సరమున వెలువడిన లినక్సు 4.0లో అట్టిది చేర్చిరి. దోషముగల భాగమునకు పోవు పిలుపును అది సవరించిన భాగమువైపు మరలించును.

అసలు కష్టము లెక్కలయందున్నది. పాత కరణము మూఁడు గళ్లలో వ్రాసిన చిట్టాను క్రొత్త కరణము నాలుగు గళ్లలో నడపఁదలఁచినచో, నాలుగవ గడిలో నేమి వ్రాయవలెను? ఆపరేటింగ్ సిస్టమునకు ఆ గళ్ల అర్థమే తెలియదు. ఎర్లాంగ్‌తో వచ్చు సామగ్రిలో ఈ మార్పిడికై ‘కోడ్ ఛేంజ్’ అను స్థలము విడిచిరి. దానిని నింపుట ప్రోగ్రాము వ్రాసినవాని పని.