హడ్సన్స్ గొయ్యి, హడ్సన్స్ మేడ

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. వాళ్ళ కాలంలో డౌన్‌టౌన్లూ, ఆకాశహర్మ్యాలూ లేవు కాబట్టి ఆ రెంటితో సరిపెట్టారు గానీ, ఉండి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క తప్పకుండా చేరేది. మన డెట్రాయిట్ నడిబొడ్డున, వుడ్‌వర్డ్ అవెన్యూ మీద, పాత హడ్సన్స్ స్థలంలో లేచిన భవనాన్నే తీసుకోండి. 2017 డిసెంబరులో దానికి భూమిపూజ జరిగింది. (పూజ అన్న మాట మనది, పారలు వాళ్ళవి.) దాని కొస అందుకునేసరికి 2024 ఏప్రిల్ వచ్చింది. ఈ ఆరేళ్ళ పైచిలుకు కాలమూ నేను వీలు దొరికిన శనివారమల్లా వెళ్ళి, వీధికి అవతలి పక్కన ఒకే చోట నిలబడి, ఒక ఫోటో తీసుకుని వస్తూ ఉండేవాణ్ణి. నా వృత్తి కార్ల సీట్ల కింద ఉండే ఇనుప చట్రాలు డిజైన్ చెయ్యడం. మేడలతో నాకే సంబంధమూ లేదు. “శనివారం పూట అందరూ గుడికి వెళతారు, మా ఆయన గోతి దగ్గరికి వెళతారు” అని మా ఆవిడ చుట్టాలకు ఫోన్లో చెబుతూ ఉండేది.

కానీ ఆ గొయ్యి మామూలు గొయ్యి కాదు. జె.ఎల్. హడ్సన్ అనే ఆయన 1881లో మొదలుపెట్టిన బట్టల కొట్టు పెరిగి పెరిగి ఆ స్థలంలో 25 అంతస్తుల డిపార్ట్‌మెంట్ స్టోరు అయింది. 1911 నుంచి 1946 దాకా ముక్కలు ముక్కలుగా కట్టుకుంటూ పోయారు. మొత్తం వైశాల్యం ఇరవై లక్షల చదరపు అడుగుల పైమాటే. అమెరికాలో న్యూయార్క్ మేసీస్ తరవాత అంత పెద్ద దుకాణం ఇదే. ఈ ఊళ్ళో థాంక్స్‌గివింగ్ ఊరేగింపు 1924లో మొదలుపెట్టింది కూడా వీళ్ళే. ఇంత వైభవానికీ మొదటి దెబ్బ కొట్టింది, తమాషాగా, ఆ కంపెనీయే. 1954లో సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌లాండ్ సెంటర్ తెరిచారు. జనం సబర్బులకు పోయారు, దుకాణం జనం వెనక పోయింది. 1983 జనవరిలో పాత స్టోరు మూతపడింది. పదిహేనేళ్ళపాటు బావురుమంటూ నిలబడి, 1998 అక్టోబరు 24న పేలుడు మందుతో క్షణాల్లో కూలిపోయింది. ఆ శిథిలాలు పడి పక్కన పీపుల్ మూవర్ పట్టా కూడా దెబ్బతింది. తరవాత ఆ చోట నేల కింద పార్కింగు కట్టి, పైన ఎప్పటికైనా ఏదో ఒకటి లేస్తుందిలే అని వదిలేశారు. దాదాపు పంతొమ్మిదేళ్ళు ఏదీ లేవలేదు.

ఇక్కడ మన సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఇండియాలో ఎవరైనా “మీరుండేది ఎక్కడండీ?” అంటే ఠక్కున “డెట్రాయిట్” అంటాం. నిజానికి ఉండేది ట్రాయ్‌లోనో, నోవైలోనో, కాంటన్‌లోనో. డౌన్‌టౌన్‌కి వెళ్ళేది ఏడాదికోసారి ఆటో షోకి, లేకపోతే ఊరినుంచి వచ్చిన అత్తగారికీ మామగారికీ నది అవతల కెనడా చూపించడానికి. 2003లో కంప్యూవేర్ కంపెనీ ఫార్మింగ్‌టన్ హిల్స్ నుంచి కాంపస్ మార్షియస్‌కి మారినప్పుడు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది రోజూ వెళ్ళక తప్పలేదు. సాయంత్రం ఆరు కొట్టేసరికి అందరూ ఫ్రీవే మీదే ఉండేవారు. 2013 జూలైలో నగరం దివాలా తీసినప్పుడు మన పార్టీల్లో ఎక్కువగా వినిపించిన ప్రశ్న, “మన సబర్బుల్లో ఇళ్ళ ధరలు పడతాయంటారా?” అనేది. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల మంది ఉన్న ఊరు 2020 జనాభా లెక్కలకు ఆరు లక్షల నలభై వేలకు దిగింది. మన చిరునామాలో ఉన్న పేరు ఆ ఊరిదే.

సరే, గొయ్యి దగ్గరికి వద్దాం. మొదటి రెండేళ్ళూ నా ఫోటోలు చూస్తే నవ్వొస్తుంది. కంచె, కంచె వెనక మట్టి, మట్టి మీద యంత్రాలు. తరవాతి నెల ఫోటోలోనూ అదే కంచె. పని జరగడం లేదా అంటే జరుగుతోంది, కాకపోతే కిందకి. ముందు ఆ పార్కింగు కట్టడాన్ని తీసెయ్యాలి. దానితోపాటు పాత స్టోరు తాలూకు పునాదులు అడ్డం పడ్డాయి. ముప్ఫై అయిదేళ్ళపాటు ముక్కలు ముక్కలుగా కట్టిన భవనం కదా, దాని పునాదులు కూడా ఒక కాలానివి కావు. పైది కూల్చడం క్షణాల పని, కిందది పెకలించడం నెలల పని. పైగా డెట్రాయిట్ నేల మెత్తటి బంకమట్టి. ఒకప్పటి సరస్సుల అడుగున పేరుకున్న మట్టి అది. దాని కింద గట్టి నేల, ఆ కింద సున్నపురాయి తగలాలంటే వంద అడుగులకు పైగా పోవాలి. ఎత్తైన కట్టడం బరువు మోయాలంటే ఆ లోతుకు కాంక్రీటు స్తంభాలు దింపాల్సిందే. నడిచి పోయేవాడికి ఇదేమీ కనిపించదు.

2019 వేసవిలో మా నాన్నగారు వచ్చారు. ఆయన నాగార్జునసాగర్ కుడికాలువ మీద సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయిన మనిషి. నయాగరా చూసినప్పుడు “బాగుంది” అన్నారు, అంతే. ఈ కంచె దగ్గర మాత్రం ముప్పావు గంట నిలబడ్డారు. “ఏడాదిన్నర అయింది నాన్నా, ఇంకా నేల మీదికి రాలేదు” అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోకుండా, “నీళ్ళు ఎటు తోడుతున్నార్రా?” అని అడిగారు. అన్నిసార్లు వెళ్ళినా నాకు తట్టని ప్రశ్న అది. కంచె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పంపు గొట్టం కనిపించాక గానీ ఆయన మనసు కుదుటపడలేదు. తిరిగి వస్తూ కార్లో సాగర్ సంగతి చెప్పారు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేస్తే, కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. మధ్యలో ఒకసారి మా తాతగారు బండి కట్టించుకుని వెళ్ళి చూసి వచ్చి, “ఏముందిరా అక్కడ, పెద్ద గొయ్యి” అన్నారట. ఆ నీళ్ళతోనే తరవాత మా పొలం పండింది.

పునాది సంగతి ఇలా ఉంటే, పైన ఎంత ఎత్తు కట్టాలన్నది మరో పురాణం. ఈ స్థలం డాన్ గిల్బర్ట్‌కి చెందిన బెడ్‌రాక్ కంపెనీ చేతిలో ఉంది. నమూనా గీసింది న్యూయార్క్ వాళ్ళు, షాప్ ఆర్కిటెక్ట్స్. 2017 మొదట్లో 734 అడుగులు అన్నారు. నది ఒడ్డున ఉన్న రెనసాన్స్ సెంటర్ 727 అడుగులు కాబట్టి, దాన్ని ఏడు అడుగులతో దాటాలని ఉద్దేశం. ఆ ఏడాదే అది 800 అయింది. తరవాత 912 అని వినిపించింది. 2020 జనవరికి వచ్చేసరికి 680 అడుగుల చిల్లరకు దిగింది. మా అమ్మాయి అప్పుడు స్కూలు ప్రాజెక్టు కోసం అట్టముక్కలతో ఈ భవనం బొమ్మ చేస్తోంది. స్కేలు ప్రకారం చేసిన బొమ్మను కత్తెర పెట్టి కోయాల్సి వచ్చినందుకు ఆ కంపెనీ మీద దానికి ఇప్పటికీ కోపమే.

ఎత్తు తగ్గితే పరువు తగ్గినట్టేనని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం 102 అంతస్తులూ 1930 మార్చిలో మొదలై 1931 మే 1 నాటికి తెరుచుకున్నాయి. పద్నాలుగు నెలలు కూడా పట్టలేదు. ఇప్పటికీ దాన్ని చూపించి, “ఆ రోజుల్లో పనివాళ్ళే వేరు” అంటారు. అది తెరిచింది ఆర్థిక మాంద్యం నడుమ. అద్దెకు వచ్చేవాళ్ళు లేక చాలా ఏళ్ళు సగానికి సగం బోసిపోయి ఉండేది. ఎంప్టీ స్టేట్ అని ఊరంతా వెక్కిరించింది. హడ్సన్స్ భవనం గనక మొదట అనుకున్నట్టు చకచకా లేచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. సరిగ్గా కోవిడ్ కాలంలో, ఆఫీసుల్లో పురుగు కూడా లేని రోజుల్లో తలుపులు తెరిచేది. 2020 మార్చిలో పని ఆగిపోయి మే నెలలో మళ్ళీ మొదలైనప్పుడు, పోయింది ఆరు వారాలు మాత్రమే. 912 అడుగుల మేడ ఖాళీ గదులతో నిలబడి ఉండేకన్నా అది వెయ్యి రెట్లు నయం. ఇది కంపెనీ ముందుచూపు అని నేను అనను. గోతిలో పడ్డ ఆలస్యం అలా కలిసివచ్చింది, అంతే.

అయితే ఆలస్యం ఉచితంగా రాదు. వంద కోట్ల డాలర్ల లోపు అని మొదలైన ఖర్చు 140 కోట్లకు పెరిగింది. 2022లో పన్ను రాయితీ అడిగారు, పదేళ్ళలో సుమారు 6 కోట్ల డాలర్లు. సిటీ కౌన్సిల్లో వారాల తరబడి వాదోపవాదాలు నడిచి, జూలై ఆఖరులో అంగీకారం వచ్చింది. మా ప్లాంటులో నాతో చాలాకాలం పనిచేసి రిటైరయిన పెద్దావిడ ఒకరున్నారు. పుట్టింది, పెరిగింది డెట్రాయిట్ నగరంలోనే. చిన్నప్పుడు క్రిస్మస్‌కి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని హడ్సన్స్ పన్నెండో అంతస్తులో బొమ్మలు చూడటానికి వెళ్ళేవారట. కొనడానికి కాదు, చూడటానికే. “మా వీధిలో దీపాలు వెలగని రోజుల్లో కూడా నా ఇంటి పన్ను నేను కట్టాను. నాకెవరూ రాయితీ ఇవ్వలేదు” అన్నారు ఆవిడ. దానికి నా దగ్గర జవాబు లేదు. రాయితీ లేకపోతే పని ఆగిపోయి ఉండేదా అంటే, అది లెక్కలు రాసుకున్నవాళ్ళకే తెలియాలి. కానీ సగం లేచిన చట్రాన్ని చూపించి రాయితీ అడిగితే కాదనడం ఎవరికైనా కష్టమే. ఆ సంగతి అడిగేవాళ్ళకూ తెలుసు.

నేల మీదికి వచ్చాక మాత్రం భవనం మాట విన్నది. నిజానికి అది ఒకటి కాదు, రెండు. ఒకటి పన్నెండు అంతస్తుల ఆఫీసు భవనం, దాని పక్కన టవరు. 2022, 2023 సంవత్సరాల్లో టవరు లేస్తుంటే నా ఫోటోల్లో మొదటిసారిగా నెల నెలకీ తేడా కనిపించింది. చట్రం పైకి పోతుంటే, గాజు పలకలు కింద నుంచి దాన్ని తరుముతూ వస్తాయి. మన ఊళ్ళలో తాపీమేస్త్రీ పైన గోడ కడుతుంటే కింద సున్నాలు వేసినట్టు. జనవరిలో నది మీద నుంచి గాలి గట్టిగా వీస్తే క్రేను ఆగిపోవాల్సిందే. చలికి కాంక్రీటు గట్టిపడటం మందగిస్తుంది కాబట్టి దానికి కూడా దుప్పట్లు కప్పుతారు. ఒకసారి ఆ దుప్పట్లు చూపించి మా అమ్మాయి, “నాన్నా, దానికి కూడా జలుబు చేస్తుందా?” అంది.

2024 ఏప్రిల్లో టవరు 681 అడుగుల దగ్గర ఆగింది. మిషిగన్ రాష్ట్రంలో రెండో ఎత్తైన భవనం. ఆ కొద్ది రోజులకే జనరల్ మోటార్స్ తన హెడ్డాఫీసును ఇక్కడికి మారుస్తామని ప్రకటించింది. ఆ వార్త విని చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఆ హెడ్డాఫీసు వచ్చేది రెనసాన్స్ సెంటర్ నుంచి. అంటే మైలు దూరం కూడా లేదు. 1977లో తెరిచినప్పుడు, ఊరు మళ్ళీ లేస్తుందన్న ఆశతో పేరే అలా పెట్టుకున్న కట్టడం అది. 1996లో దాన్ని కొన్నది జనరల్ మోటార్సే. 2024 నవంబరులో దాని టవర్లలో రెంటిని కూల్చే ప్రతిపాదన ఒకటి బయటికి వచ్చింది. 2026 జనవరిలో కంపెనీ హడ్సన్స్‌కి మారింది.

పెద్దావిడకు ఫోన్ చేసి, ఒక ఆదివారం మా ఇంటిల్లిపాదితోపాటు తీసుకెళ్ళాను. ముగ్గురం కంచె లేని పేవ్‌మెంట్ మీద నిలబడి అంతస్తులు లెక్కపెట్టాం. పన్నెండోది ఎక్కడిదాకా వస్తుందో చూడాలని ఆవిడ కోరిక. మా అమ్మాయి రెండుసార్లు లెక్క తప్పి, మూడోసారి వేలు పెట్టి చూపించింది. ఆవిడ తల పైకెత్తి కాసేపు చూసి, “అప్పుడు ఇంకా ఎత్తుగా ఉండేదనుకుంటాను” అన్నారు. తరవాత నది వైపు తిరిగి, “దాన్ని కూలిస్తే ఆ ఫోటోలు కూడా తీస్తావా?” అని అడిగారు. తీస్తానన్నాను. ఎక్కడ నిలబడితే ఎండ కంట్లో పడదో ఆవిడే చూపించారు.